పరుగుకో లెక్కుంది!

పది కిలోమీటర్లు పరిగెత్తేవాడు ఒకటిన్నర కిలోమీటరును ఎంతలో ముగించగలడు? పరిగెత్తించి చూడక్కర్లేదు, కాగితం మీదే చెప్పేయొచ్చన్నాడో ఇంజినీరు. చాలాసార్లు అతని లెక్క సెకన్లతో సహా నిజమవుతుంది. నిజం కానప్పుడే అసలు కథ మొదలవుతుంది!

2013 జులై 19. మొనాకోలో రాత్రి పూట 1500 మీటర్ల పరుగు. గీత దగ్గర నిలబడ్డ వాళ్లందరూ ఆ దూరంలో ఆరితేరినవాళ్లే, ఒక్కడు తప్ప. అతను మో ఫరా. సోమాలియా నుంచి చిన్నప్పుడే బ్రిటన్ చేరినవాడు. అంతకు ఏడాది ముందు లండన్ ఒలింపిక్స్‌లో 5,000, 10,000 మీటర్లు రెండింట్లోనూ బంగారు పతకాలు గెలిచి ఆ దేశానికి ముద్దుబిడ్డ అయ్యాడు. అయితే అతని ఆట పన్నెండున్నర రౌండ్లూ పాతిక రౌండ్లూ తిరగడం. 1500 మీటర్లంటే మూడూముప్పావు రౌండ్లే. పెళ్లి భోజనాలు వండే చెయ్యి తిరిగిన వంటవాణ్ని పిలిచి ఒక్క దోసె వెయ్యమన్నట్టు!

అప్పటికి ఆ దూరంలో ఫరా అత్యుత్తమ సమయం 3 నిమిషాల 33.98 సెకన్లు. బాగుంది, అంతే. గొప్పవాళ్ల జాబితాలో చేరేంత కాదు.

పరుగు మొదలైంది. కెన్యా ఆటగాడు ఆస్బెల్ కిప్రాప్ ముందు దూసుకుపోయి 3:27.72లో గెలిచాడు. (ఇదే కిప్రాప్ ఆ తర్వాత డోపింగ్ పరీక్షలో దొరికి 2019లో నాలుగేళ్ల నిషేధానికి గురయ్యాడు. అది వేరే కథ.) అతని వెనకే రెండోస్థానంలో గీత దాటింది ఎవరో కాదు... ఫరా! సమయం 3:28.81. స్పెయిన్‌కు చెందిన ఫెర్మిన్ కాచో 1997లో నెలకొల్పిన ఐరోపా రికార్డు చెదిరిపోయింది. స్టీవ్ క్రామ్ పేరిట 1985 నుంచీ ఉన్న బ్రిటన్ రికార్డూ పోయింది. దూరపు పరుగుల వీరుడొచ్చి దగ్గరి పరుగు వాళ్ల సొత్తును ఎత్తుకుపోయాడు.

ఇది ముందే ఊహించగలిగిన విషయమేనా? లెక్కలు మాత్రం ఊహించలేదు.

బొంబాయి పిల్లాడి గుర్రాలు

ఈ లెక్కల కథ వందేళ్ల కిందటిది. మొదలుపెట్టినవాడు ఆటగాడూ కాదు, వైద్యుడూ కాదు... కరెంటు మనిషి! పేరు ఆర్థర్ కెనెలీ. 1861లో బొంబాయిలోని కొలాబాలో పుట్టాడు. పెద్దయ్యాక అమెరికా వెళ్లి ఎడిసన్ ప్రయోగశాలలో పనిచేశాడు. ఆపైన హార్వర్డ్‌లో ప్రొఫెసరయ్యాడు. ఆకాశంలో ఓ పొర ఉందనీ, రేడియో తరంగాలు దాన్ని తాకి వెనక్కి వస్తాయనీ 1902లో చెప్పినవాళ్లలో ఆయనొకడు. అలాంటి పెద్దమనిషికి ఎందుకు బుద్ధి పుట్టిందోగానీ, గుర్రప్పందేల రికార్డుల్ని ముందేసుకుని కూర్చున్నాడు. వాటితోపాటు మనుషుల పరుగు, నడక, ఈత, పడవపోటీల రికార్డులూ సేకరించాడు. అన్నిటినీ గీతల కాగితం మీద చుక్కలుగా పెడితే దాదాపు తిన్నగా ఒకే వరసలో వచ్చాయట. దాన్నిబట్టి 1906లో ఒక సూత్రం ప్రకటించాడు: దూరం రెట్టింపు చేస్తే పట్టే సమయం రెండింతలు కాదు, దాదాపు 2.18 రెట్లు అవుతుంది. అంటే వేగం ఎనిమిది శాతం పైచిలుకు తగ్గుతుందన్నమాట. గుర్రానికైనా మనిషికైనా అలసట ఒకే తీరున లొంగదీస్తుందన్నది ఆయన వాదన.

వినడానికి బాగానే ఉంది. ఫరా మీద ప్రయోగించి చూస్తే మాత్రం నవ్వొస్తుంది. మొనాకో పరుగు నాటికి 5,000 మీటర్లలో ఫరా అత్యుత్తమం 12:53.11. కెనెలీ సూత్రంతో దాన్ని 1500కు కుదిస్తే 3:19.5 వస్తుంది. మొరాకో దిగ్గజం హిషామ్ ఎల్ గెరూజ్ 1998లో నెలకొల్పిన ప్రపంచ రికార్డేమో 3:26.00! గుర్రాలకు కుట్టిన చొక్కా మనిషికి వదులైందనుకోవాలి.

ఒహాయో ఇంజినీరు సూత్రం

ఆ చొక్కాను సరిచేసినవాడు పీట్ రీగెల్. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఇంజినీరు. తనూ మారథాన్లు పరిగెత్తేవాడు. రోడ్డు పరుగుల దూరాన్ని కచ్చితంగా కొలవడమంటే మహా పట్టింపు. పరుగుల వాళ్లు చదువుకునే ఓ పత్రికలో 1977లో చిన్న సూత్రం రాశాడు. దాని సారం ఇది: దూరం రెట్టింపైతే సమయం 2.18 కాదు, 2.085 రెట్లవుతుంది. వేగం నాలుగు శాతమే తగ్గుతుంది. అంతే. ఇవాళ ఫోన్లలోనూ చేతి గడియారాల్లోనూ పరుగు సమయాన్ని జోస్యం చెప్పే లెక్కలు చాలావాటికి మూలం ఇదే.

లెక్కల జోలికి పోలేనివారి కోసం సులువైన గుణకాలు కొన్ని. పది కిలోమీటర్ల సమయాన్ని 0.48తో గుణిస్తే అయిదు కిలోమీటర్లది వస్తుంది. హాఫ్ మారథాన్ నుంచి పది కిలోమీటర్లకు 0.453. పూర్తి మారథాన్ నుంచి పదికి 0.217. 5,000 మీటర్ల నుంచి 1500కు 0.279. అంటే పది కిలోమీటర్లను సరిగ్గా గంటలో ముగించేవారు అయిదు కిలోమీటర్లను దాదాపు 28 నిమిషాల 47 సెకన్లలో ముగించాలి.

సరే, దిగ్గజాల దగ్గర ఈ గుణకం ఏమంటుందో చూద్దాం. ఇథియోపియా వీరుడు హెయిలీ గెబ్రెసెలాసీ 1998లో 5,000 మీటర్లను 12:39.36లో పరిగెత్తాడు. సూత్రం ప్రకారం 1500 మీటర్లు 3:31.93 రావాలి. అదే ఏడాది ఇండోర్‌లో అతను పరిగెత్తింది... 3:31.76! తేడా సెకనులో అయిదోవంతు కూడా లేదు. కెనెనిసా బెకెలె 12:37.35 నుంచి లెక్కేస్తే 3:31.37 రావాలి. వచ్చింది 3:32.35. ఎలియుడ్ కిప్‌చోగే సంగతి చూడండి. ఇప్పుడంటే మారథాన్ అనగానే గుర్తొచ్చే పేరుగానీ, 2003లో పద్దెనిమిదేళ్ల కుర్రాడిగా ఎల్ గెరూజ్‌నూ బెకెలెనూ ఒకే పరుగులో వెనక్కి నెట్టి 5,000 మీటర్ల ప్రపంచ ఛాంపియనయ్యాడు. ఆ దూరంలో అతని అత్యుత్తమం 12:46.53. లెక్క 3:33.93 అంటే, అతను 3:33.20 అన్నాడు.

అన్నిటికన్నా వింత సిఫాన్ హసన్‌ది. ఇథియోపియాలో పుట్టి నెదర్లాండ్స్‌కు ఆడే ఈమె 2023లో షికాగో మారథాన్‌ను 2:13:44లో ముగించింది. నలభై రెండు కిలోమీటర్ల నుంచి ఒకటిన్నర కిలోమీటరుకు దింపడమంటే లారీ వేగాన్నిబట్టి స్కూటరు వేగం చెప్పమన్నట్టే. అయినా రీగెల్ సూత్రం వెనకాడకుండా 3:53.5 అంటుంది. నాలుగేళ్ల ముందు దోహాలో ఆమె 1500 గెలిచిన సమయం 3:51.95. ఒకటిన్నర సెకను తేడా! జ్యోతిష్కులు కుళ్లుకోవాల్సిందే.

ఇక ఫరా. 12:53.11ను 0.279తో గుణిస్తే 3:35.8. మొనాకోలో అతను పరిగెత్తింది 3:28.81. ఏడు సెకన్లు ముందు! ఆ వేగంలో ఏడు సెకన్లంటే దాదాపు యాభై మీటర్లు. సూత్రం ప్రకారం పరిగెత్తే ఫరా ఎవరైనా ఉంటే, అసలు ఫరా గీత దాటేసరికి అతను ఇంకా ఆఖరి మలుపు దాటి కాసేపే అయివుండేది. పోనీ గాలివాటం అనుకుందామా? రెండేళ్ల తర్వాత అదే మొనాకోలో ఫరా మళ్లీ 3:28.93 పరిగెత్తాడు.

బోరూ... ట్యాంకూ!

ఈ తేడా అర్థం కావాలంటే అపార్ట్‌మెంటు నీళ్ల గురించి ఆలోచిస్తే చాలు. కింద బోరు ఉంటుంది. మోటారు వేస్తే ఒకే ధారగా ఎంతసేపైనా పోస్తుంది. పైన ట్యాంకు ఉంటుంది. కుళాయిలన్నీ విప్పితే ఉధృతంగా వస్తుంది, కాసేపటికి ఖాళీ. ఒంట్లోనూ అంతే. ఊపిరితిత్తులూ గుండే కలిసి అందించే ఆక్సిజన్‌తో పుట్టే శక్తి బోరు. ఆక్సిజన్ కోసం ఆగకుండా కండరాలు అప్పటికప్పుడు పుట్టించుకునే శక్తి ట్యాంకు. పరుగు ఎంత పొడవైతే అంతగా బోరు మీద భారం. ఎంత పొట్టిదైతే అంతగా ట్యాంకు వాటా.

శిక్షణ పొందిన ఆటగాళ్లను 2001లో ఆస్ట్రేలియాలో పరీక్షిస్తే, 1500 మీటర్ల పరుగులో సుమారు 84 శాతం శక్తి బోరు నుంచే వచ్చింది. 800 మీటర్లలో అది 66 శాతానికి పడిపోయింది. అంటే మూడోవంతు ట్యాంకుదే. రెండు నిమిషాల లోపు పరుగులో పదివేల మీటర్ల వీరుడి జోస్యం ఎందుకు తప్పుతుందో ఇక్కడే తెలిసిపోతుంది. రీగెల్ కూడా ఆ జాగ్రత్త తీసుకున్నాడు. మూడున్నర నిమిషాలకు తక్కువ పట్టే పరుగులకు తన లెక్క పనికిరాదని 1981లో రాసిన వ్యాసంలో హద్దు గీశాడు. ఇవాళ ఫోన్లో వేలితో నొక్కి 400 మీటర్ల జోస్యం చూసుకునేవాళ్లకు ఆ హద్దు ఎవరూ చెప్పరు.

ఒక్క పరుగు సమయాన్ని చూసి బోరెంతో ట్యాంకెంతో చెప్పలేం. రెండు పరుగుల సమయాలుంటే చెప్పొచ్చు. రాము, సోము అని ఇద్దరు మిత్రులున్నారనుకుందాం. ఇద్దరూ అయిదు కిలోమీటర్లను 20 నిమిషాల 50 సెకన్లలో పరిగెత్తుతారు. రీగెల్ దృష్టిలో ఇద్దరూ కవలలే. 1500 మీటర్లు ఇద్దరికీ 5:49. అయితే మూడు కిలోమీటర్లను రాము సరిగ్గా 12 నిమిషాల్లో, సోము 12:15లో పరిగెత్తాడు. అప్పుడు?

రాముకు మూడు నుంచి అయిదు కిలోమీటర్లకు, అంటే అదనంగా 2,000 మీటర్లకు పట్టింది 530 సెకన్లు. సెకనుకు 3.77 మీటర్లు. అదీ అతని బోరు ధార. ఆ లెక్కన 12 నిమిషాల్లో బోరు మోసుకెళ్లేది 2,717 మీటర్లే. మరి 3,000 పరిగెత్తాడుగా? మిగతా 283 మీటర్లు ట్యాంకు నుంచి వచ్చినట్టు. సోముకేమో బోరు ధార ఎక్కువ, సెకనుకు 3.88 మీటర్లు. ట్యాంకు చిన్నది, 146 మీటర్లే. ఇప్పుడు ఇద్దర్నీ 1500కు దింపండి. ట్యాంకు తీసేయగా మిగిలిన దూరాన్ని బోరు ధారతో భాగిస్తే సోముకు 5:49 వస్తుంది. రాముకు 5:22! అయిదు కిలోమీటర్లలో భుజం భుజం రాసుకుంటూ వచ్చినవాళ్ల మధ్య ఒకటిన్నర కిలోమీటరులో 27 సెకన్ల తేడా.

ఈ లెక్కనూ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఇదే పద్ధతిలో రాముకు 400 మీటర్ల జోస్యం చెబితే 31 సెకన్లు వస్తుంది. దక్షిణాఫ్రికా ఆటగాడు వేడ్ వాన్ నికెర్క్ 2016లో ప్రపంచ రికార్డు పెట్టిందే 43.03 సెకన్లలో! ట్యాంకు ఎంత పెద్దదైనా కుళాయి వెడల్పు ఒకటుంటుంది కదా.

ముందు నడిచి... నాలుగోస్థానం

ట్యాంకు చిన్నదైతే ఏమవుతుందో పౌలా రాడ్‌క్లిఫ్‌ను చూస్తే తెలుస్తుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్ 10,000 మీటర్ల ఫైనల్లో ఈ బ్రిటన్ అమ్మాయి దాదాపు పరుగంతా తనే ముందుంది. తల ఊపుకుంటూ, పళ్ల బిగువున వేగాన్ని లాగుతూ వెళ్లింది. ఆమెకు వేరే దారి లేదు మరి. చివర్లో మెరుపులా దూసుకెళ్లే శక్తి తనకు లేదు కాబట్టి, ముందే అందర్నీ అలసిపోయేట్టు చెయ్యాలి. వాళ్లు అలసిపోలేదు. చివర్లో ఇథియోపియా వీరనారి దెరార్తు తులు సహా ముగ్గురు ఆమెను దాటిపోయారు. పాతికలో ఇరవైనాలుగు రౌండ్ల కష్టానికి పతకం కూడా దక్కలేదు. మరుసటేడాది ప్రపంచ పోటీల్లోనూ నాలుగోస్థానమే.

అదే పౌలా 2003 ఏప్రిల్‌లో లండన్ మారథాన్‌ను 2:15:25లో ముగించి లోకాన్ని నోరెళ్లబెట్టేలా చేసింది. ఆ సమయాన్ని రీగెల్ సూత్రంతో 10,000 మీటర్లకు దింపితే 29:26 వస్తుంది. అప్పటి ప్రపంచ రికార్డు... చైనాకు చెందిన వాంగ్ జున్‌షియా 1993లో పెట్టిన 29:31.78! కాగితం మీద పౌలా ప్రపంచ రికార్డు హోల్డర్. ట్రాక్ మీద ఆమె అత్యుత్తమం 2002లో మ్యూనిక్‌లో వచ్చిన 30:01.09. ఎప్పటికీ 30 నిమిషాల లోపుకు రాలేకపోయింది. ఒక్క సెకనూ పదో వంతు దూరంలో ఆగిపోవడమంటే ఎంత కసిగా ఉంటుందో! మ్యూనిక్‌లో ఆమెకు తోడుగా వేగం లాగేవాళ్లే లేరు. లండన్‌లోనైతే పురుష పేస్‌మేకర్లు పక్కన ఉన్నారు. ట్యాంకు సంగతి సరే, తోడు పరిగెత్తేవాళ్లు ఉన్నారా లేదా అన్నది కూడా సూత్రానికి కనబడని విషయమే.

మన సాబ్లే మాటేమిటి?

ఈ మాట మన దేశంలో ఇంకా బాగా వర్తిస్తుంది. మహారాష్ట్రలోని బీడ్ జిల్లా రైతుబిడ్డ, సైనికుడు అవినాశ్ సాబ్లే. స్టీపుల్‌ఛేజ్‌తో పేరు తెచ్చుకున్న ఇతను 2020 నవంబరులో ఢిల్లీ హాఫ్ మారథాన్‌ను గంటా 30 సెకన్లలో ముగించి జాతీయ రికార్డు సృష్టించాడు. 0.217తో గుణించి చూడండి. 5,000 మీటర్లు దాదాపు 13:09లో పరిగెత్తగలడని తేలుతుంది. అప్పటికి ఆ దూరంలో జాతీయ రికార్డు బహదూర్ ప్రసాద్ 1992లో పెట్టిన 13:29.70. అంటే రికార్డు కన్నా 20 సెకన్లు వేగంగా పరిగెత్తగలవాడు మన మధ్యే తిరుగుతున్నాడని ఆ రోజే కాగితం చెప్పింది.

చెప్పినంతలో కాకపోయినా, 2022 మేలో అమెరికా వెళ్లి సాబ్లే 13:25.65 పరిగెత్తాడు. ముప్పై ఏళ్ల రికార్డు అలా కదిలింది. మరుసటేడాది అక్కడే 13:19.30. అతని తర్వాత గుల్వీర్ సింగ్ 2025 ఫిబ్రవరిలో బోస్టన్‌లో ఇండోర్ ట్రాక్ మీద 12:59.77తో 13 నిమిషాల గోడనే దాటేశాడు. ఇవన్నీ అమెరికాలోనే ఎందుకు జరిగాయో గమనించాలి. చల్లటి వాతావరణం, ముందు వేగం లాగే పేస్‌మేకర్లు, పక్కన తనకన్నా వేగంగా వెళ్లేవాళ్లు పదిమంది. ఇక్కడ ఎండలో ఒంటరిగా పన్నెండున్నర రౌండ్లు తిరిగే ఆటగాడికి ఆ మూడూ లేవు. ముప్పై ఏళ్లపాటు మనవాళ్ల కాళ్లలో బలం లేదనుకున్నాం. తగిన పరుగు లేకపోయిందనుకోవడమే న్యాయం.

సూత్రం తప్పడానికి బూట్లూ కారణమవుతున్నాయి. మందపాటి నురుగు, లోపల కార్బన్ పలక ఉన్న రోడ్డు బూట్లు 2017 నుంచీ మార్కెట్లోకొచ్చాయి. పరుగుకయ్యే శక్తిని అవి నాలుగు శాతం దాకా ఆదా చేసినట్టు తొలి ప్రయోగాల్లో తేలింది. ఆ బూట్లతో రోడ్డు మీద తెచ్చుకున్న సమయాన్ని మామూలు బూట్లతో ట్రాక్ మీద పరిగెత్తే పొట్టి పరుగుకు మారిస్తే, జోస్యం ఉన్నదానికన్నా గొప్పగా వస్తుంది.

మన ఊరి సంగతికొస్తే లెక్క అటు తిరుగుతుంది. హైదరాబాద్ మారథాన్ జరిగేది ఆగస్టులో. ఉక్కపోత, ఫ్లైఓవర్లు ఎక్కడం, దిగడం. అక్కడ హాఫ్ మారథాన్‌ను 2 గంటల 10 నిమిషాల్లో ముగించినవారికి సూత్రం పది కిలోమీటర్లు 58:55 అంటుంది. డిసెంబరు చలిలో చదునైన రోడ్డు మీదైతే అంతకన్నా బాగా పరిగెత్తే అవకాశం ఉంది. ఇంకో మాట. పక్కవాళ్లతో కబుర్లు చెప్పుకుంటూ, సెల్ఫీలు దిగుతూ ముగించిన పదికే పరుగు సమయాన్ని సూత్రంలో పెట్టకండి. అది పూర్తి శక్తితో పరిగెత్తినవారి లెక్క. అలాగే, ఎప్పుడూ నెమ్మదిగా పరిగెత్తే నలభై దాటినవారు కాగితం మీద అంకె చూసి ఒక్కసారిగా 1500 మీటర్లు ఉరకడం మంచిది కాదు. ముందు డాక్టరును కలవాలి. నాలుగైదు వారాలపాటు వారానికోసారి చిన్న చిన్న వేగపు పరుగులు అలవాటు చేసుకోవాలి. ఆ తర్వాతే గడియారం.

ఇంతకీ మో ఫరా. మొనాకో తర్వాత నెల తిరక్కుండానే మాస్కోలో 5,000, 10,000 రెండూ గెలిచి ప్రపంచ ఛాంపియనయ్యాడు. 1500 మీటర్లలో అతని ఐరోపా రికార్డు 2020 దాకా నిలిచింది. నార్వే కుర్రాడు యాకోబ్ ఇంగెబ్రిగ్ట్‌సెన్ దాన్ని చెరిపేశాడు, అదీ మొనాకోలోనే. ఆ 3:28.81ను పట్టుకుని రీగెల్ సూత్రాన్ని తిరగేస్తే, అంటే పొట్టి పరుగు నుంచి మారథాన్‌కు లెక్కేస్తే, ఫరా 42.195 కిలోమీటర్లను ఎంతలో ముగించాలో తెలుసా? గంటా 59 నిమిషాల 36 సెకన్లలో! 2023లో కెల్విన్ కిప్టమ్ పెట్టిన రికార్డు 2:00:35 కన్నా నిమిషం ముందు.

2018 అక్టోబరులో ఫరా షికాగో మారథాన్ గెలిచాడు. పట్టిన సమయం 2 గంటల 5 నిమిషాల 11 సెకన్లు.